షికాగో చెల్లెలు, హ్యూస్టన్ అక్క

వర్డెల్ ప్రూయిట్ షికాగోలో ఇరవై ఏడేళ్ళు సిటీ బస్సు నడిపింది. అందులో ఎక్కువ కాలం డెబ్బై తొమ్మిదో వీధి మీదే. సొంత కారు మాత్రం ఎన్నడూ కొనలేదు. కొట్టు, చర్చి, జుట్టు దువ్వించుకునే చోటు, సముద్రంలా కనిపించే సరస్సు, అన్నీ బస్సెక్కితే చేరుకునేవే. మూడంతస్తుల ఇటుక ఇంట్లో పై వాటా ఆమెది. కింది వాటాలవాళ్ళు ఆ పూట ఏం వండుకున్నారో మెట్లెక్కుతుండగానే తెలిసిపోయేదట.

ఆమె అక్క ఒజెల్లా పెళ్ళయిన కొత్తలోనే, భర్తకి చమురు కర్మాగారంలో పని దొరికితే, హ్యూస్టన్ వచ్చేసింది. ఆయన పోయాక కూడా ఇక్కడే ఉండిపోయింది. ఆమె ఇల్లు మా ఎదురుగానే. ఆదివారం చర్చి నుంచి రాగానే వరండాలో కూర్చుని చెల్లెలికి ఫోన్ చేసేది. ఆమె గొంతు వీధి దాటి వినిపించేది. ఫోన్ స్పీకర్లో పెట్టేది కాబట్టి చెల్లెలి జవాబులు కూడా మాకు కొత్త కాదు.

"జనవరి నెల్లో పెరట్లో ఆవకూర కోసుకుంటున్నానే నేను. నువ్వేం చేస్తున్నావు?"

"పార పట్టుకుని మంచు తోస్తున్నా. అయితే ఏం? ఆగస్టులో నువ్వు గుమ్మం దాటగలవా?"

"దాటే పనేముంది? ఏసీ ఇంట్లోంచి ఏసీ కార్లోకి, కార్లోంచి ఏసీ కొట్లోకి."

"అదే నేననేది. మనిషి మొహం చూడకుండా బతికేస్తున్నావు."

ఇలా ముప్పై ఏళ్ళు సాగింది. ఒకరి ఊరికి ఒకరు చుట్టపుచూపుగా వచ్చినా నాలుగో రోజుకే తిరుగుప్రయాణం.

రెండువేల పన్నెండు చలికాలంలో వర్డెల్ డిపో ముందు మంచుగడ్డ మీద జారి పడింది. మణికట్టు విరిగింది. మోకాళ్ళు అప్పటికే అరిగిపోయి ఉన్నాయి. అక్కడితో ఉద్యోగం మానేసింది. వెచ్చటి చోట ఉంటే నొప్పులు కొంచెం తగ్గుతాయని డాక్టరు అన్నాడు. ఆ మాట ఒజెల్లా చెవిన పడింది.

"ఇంక మొండికెయ్యకు. నాకు మూడు పడగ్గదులున్నాయి. ఒకటి నీకు, ఒకటి నీ పంతానికి. ఇంకా నాకొకటి మిగులుతుంది," అంది ఫోన్లో.

ఆ ఏప్రిల్లోనే వర్డెల్ వచ్చింది. వచ్చిన మూడో రోజునే చేతికర్ర పట్టుకుని కొట్టుకి నడిచి వెళ్ళబోయింది. ఒకటిన్నర మైలు దూరం. కాలిబాట సగం దూరంలో ఉన్నట్టుండి ఆగిపోయి గడ్డిలో కలిసిపోయింది. దారిలో మూడు కార్లు ఆమె పక్కన ఆగాయి. ఒకాయన అద్దం దించి అడిగాడు.

"కారెక్కడ ఆగిపోయిందమ్మా?"

"ఆగిపోడానికి ఉంటేగా నాయనా. నాకసలు కారే లేదు."

ఎవరో పోయారని విన్నవాడిలా ఆయన ఒక్క క్షణం తల దించుకున్నాడని ఆమే నాకు చెప్పింది.

మా వీధి చివర బస్సు ఆగే చోటు ఉంది. చోటంటే మురుగు కాలవ గట్టు మీద ఒక ఇనుప స్తంభం, దానికో రేకు. నీడ లేదు, కూర్చునేందుకు ఏమీ లేదు. బస్సు గంటకొకటి. ఎండలో నిలబడలేక వర్డెల్ ఒక రోజు వంటింటి కుర్చీ మోసుకెళ్ళి అక్కడ వేసింది.

"నా వంటింటి కుర్చీ వీధిలో పెడతావా? నలుగురూ ఏమనుకుంటారు?" అంది ఒజెల్లా.

"ఆ నలుగురూ ఎక్కడున్నారో చూపించు. వెళ్ళి అడిగొస్తాను."

ఆ కుర్చీ దగ్గరే ఆమెకి ఫిలిబెర్తా పరిచయమైంది. ఎల్ సాల్వడార్ మనిషి, నలభై ఏళ్ళుంటాయి, ఆఫీసులు ఊడ్చి తుడిచే పని. మొదటి వారం రోజులూ కుర్చీ ఖాళీగా ఉన్నా పక్కన నిలబడే ఉందట.

"కూర్చోమ్మా, పళ్ళేం లేవు దానికి, కరవదు," అంది వర్డెల్.

"ఎవరిదో అనుకున్నాను పెద్దమ్మా."

"షికాగోలో అయితే నువ్వనుకున్నదే నిజం. మంచు తోసి కారుకి చోటు చేసుకున్నవాడు అందులో కుర్చీ వేస్తాడు, ఇటు రావద్దని. ఇది మాత్రం రమ్మనే వేశాను."

తర్వాత ఫిలిబెర్తా ఒక కుర్చీ తెచ్చింది. ఇంకెవరో ఇంకోటి పడేసి పోయారు. రెండో ఏడాదికి నాలుగయ్యాయి. శుక్రవారాలు ఫిలిబెర్తా చిక్కుడు గింజల ముద్ద కూరిన మొక్కజొన్న రొట్టెలు మూట కట్టుకొచ్చేది. నాకు కారున్నా, ఆ రొట్టెల కోసమని చెప్పుకుని నేనూ వెళ్ళి కూర్చునేదాన్ని. వర్డెల్ పెరట్లో బెండ మొక్కలు వేసింది. డిసెంబర్లో చేతికర్ర లేకుండా నడిచింది. మూడో చలికాలం వచ్చేసరికి "మా ఊళ్ళో" అనడం బాగా తగ్గించేసింది. అది ఒజెల్లా కూడా గమనించింది గానీ, గెలిచానని పైకి అనలేదు.

రెండువేల పదిహేను అక్టోబర్లో ఒక ఉదయం ఒజెల్లా కారు మలుపులో రోడ్డు దిగి, కుర్చీల్ని గుద్దుకుంటూ పోయి కాలవలో ముక్కు పెట్టి ఆగింది. సరిగ్గా అంతకు ముందే, బస్సు వస్తోందేమో చూద్దామని ఫిలిబెర్తా కుర్చీలోంచి లేచి రోడ్డు వైపు రెండడుగులు వేసింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఉడత అడ్డం వచ్చిందని ఒజెల్లా చెప్పింది. వర్డెల్ మలుపు దాకా నడిచి వెళ్ళి రోడ్డు చూసి వచ్చింది. బ్రేకు వేసిన మరక ఎక్కడా లేదు.

ఆ మధ్యాహ్నం వంటింట్లో నేనూ ఉన్నాను. లేచి వెళ్ళబోతే వర్డెల్ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఉడతని చూశావా నువ్వు?"

"చూశానన్నానుగా."

"అక్కా, నాలుగు కుర్చీల్నే చూడలేదు. ఉడతని చూశావా?"

ఒజెల్లా బల్ల మీద గుడ్డని మడత పెట్టి విప్పింది. తర్వాత మామూలు గొంతుతోనే చెప్పింది.

"నడిమధ్య కనిపించదు. అంచుల్లో కనిపిస్తుంది. నీ వైపు చూస్తే నీ చెవులు తెలుస్తాయి, మొహం తెలీదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏడాదిన్నర. నడపొద్దని డాక్టరు చెప్పాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే తాళాలు లాక్కుంటావు."

"లాక్కునేదాన్నే."

"ఈ ఊళ్ళో తాళాలు లేకపోతే నేనేమిటే? ఇంట్లో సోఫా ఒకటి, నేనొకటి."

వర్డెల్ లేచి కొక్కేనికి ఉన్న తాళాలు తీసి తన జేబులో వేసుకుంది.

కారు బాగుచేయించాక వర్డెలే నడిపింది. చర్చికి, అక్కడి పాటల సాధనకి, డాక్టరు దగ్గరికి. అయినా ఒజెల్లా నెలనెలకీ ముడుచుకుపోతూ వచ్చింది. ఎక్కడికైనా వెళ్ళాలంటే అడగాలి. అడగడం ఆమెకి అలవాటు లేదు. ముందు పాటల సాధన మానేసింది, తర్వాత బుధవారపు ప్రార్థన. వరండాలో కూర్చునేది గానీ, ఎదురుగా నేను చెయ్యి ఊపినా పలికేది కాదు. మొదట కోపమేమో అనుకున్నాను. తర్వాత గుర్తొచ్చి, పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టాను.

మరుసటి మే నెలలో పినతల్లి కొడుకు పోతే ఇద్దరూ షికాగో వెళ్ళారు. మూడో రోజు ఉదయం వర్డెల్ స్నానం చేసి వచ్చేసరికి అక్క లేదు. రెండు గంటలు వెతికారు. పోలీసులకి ఫోన్ చేద్దామనుకుంటుండగా ఒజెల్లా వేయించిన కోడి పొట్లం పట్టుకుని తలుపు తోసుకుని వచ్చింది.

"ఎవరు తీసుకెళ్ళారు నిన్ను?"

"బస్సు తీసుకెళ్ళింది. ఏ వీధి వచ్చిందో అదే చదివి వినిపిస్తోంది. దిగి, సరస్సు దాకా నడిచి, గాలి పీల్చుకుని వచ్చాను. తిను, చల్లారిపోతుంది."

వర్డెల్ ఇది నాకు చెబుతూ, "అక్క అలాంటి గొంతుతో మాట్లాడి ఎన్ని నెలలైందో మెర్లీన్. ఇంక మాట్లాడ్డానికేముంది?" అంది.

షికాగోకి మారిపోదామని హ్యూస్టన్ ఇల్లు అమ్మకానికి పెట్టారు. ఒక సాయంత్రం బెండకాయలు కోస్తున్న వర్డెల్ని అడిగాను.

"నీకిష్టమేనా వెళ్ళడం?"

"లేదు. నాకిక్కడ బాగుంది."

"మరి మోకాళ్ళు?"

"నొప్పెడతాయి. ఆవిడకి కళ్ళు పోతున్నాయి, నాకు మోకాళ్ళు. ఏది ఎక్కువో నేను తూచలేదు. తూస్తే వెళ్ళబుద్ధి కాదు."

ఈ మాట అక్కతో అనలేదు. ఒజెల్లాకి చెప్పింది వేరు. హ్యూస్టన్ దోమలు పడలేకపోతున్నానని చెప్పింది. ఒజెల్లా నమ్మిందో, నమ్మినట్టు ఊరుకుందో నాకు తెలియదు.

సెప్టెంబర్లో వెళ్ళిపోయారు. వెళ్ళే రోజు ఫిలిబెర్తా పని మానుకుని వచ్చి పెట్టెలు సర్దింది. గుర్తుగా ఉంటుందని, వర్డెల్ తలకి కట్టుకునే పసుప్పచ్చ గుడ్డని తనే అడిగి తీసుకుంది.

నిరుడు ఫిబ్రవరిలో పని మీద షికాగో వెళ్ళి వాళ్ళింట్లో రెండు రోజులున్నాను. మెట్లెక్కే పని లేకుండా కింది వాటా తీసుకున్నారు. బయట మంచు మోకాలి లోతున ఉంది. వర్డెల్ కాళ్ళకి వేడి సంచి కట్టుకుని కిటికీ పక్క కూర్చుని ఉంది. క్రిస్మస్ తర్వాత చర్చికి తప్ప గుమ్మం దాటలేదట. ఒజెల్లా మాత్రం వారానికి రెండుసార్లు పాటల సాధనకి వెళ్తోంది. సరుకులు కూడా ఆవిడే తెస్తోంది.

నేనున్న రెండో రోజు పాలు అయిపోయాయి. నేను తెస్తానంటే ఒజెల్లా ఒప్పుకోలేదు. టోపీ, చేతి తొడుగులు, తెల్ల కర్ర తీసుకుని బయల్దేరింది. వర్డెల్ కిటికీ అద్దం మీది ఆవిరి అరచేత్తో తుడిచి చూస్తూ కూర్చుంది. బస్సు వచ్చింది, డ్రైవరు మెట్టు కిందికి దించాడు, తలుపు మూసుకుంది.

"ఎక్కింది," అని చెప్పి, బల్ల పట్టుకుని మెల్లగా లేచి, పొయ్యి మీద ఉడుకుతున్న చిక్కుళ్ళు కలపడానికి వంటింట్లోకి వెళ్ళింది.