నాయన కిటికీ పక్కన కూర్చున్న గంట

మా నాయన ముప్పై ఏళ్లు బెంగళూరు నుంచి హైదరాబాదుకు బస్సు నడిపాడు. రిటైరయ్యేసరికి మోకాళ్లు అరిగిపోయాయి. గంటలకొద్దీ బస్సులో కూర్చోవడం ఇక ఆయన వల్ల కాదు. పోయినేడు హైదరాబాదులో మా చెల్లెలి గృహప్రవేశానికి విమానంలో పోదామన్నాను.

మేముండే సోమందేపల్లె నుంచి బెంగళూరు విమానాశ్రయానికి రెండు గంటల దారి.

"హైదరాబాదు పైన ఉంటే మనం కిందికి పోతామా పాపా? మళ్లా మన ఇంటి మీదనే ఎగురుకుంటా రావల్ల గదా!" అని నవ్వాడు నాయన. అయినా వచ్చాడు.

విమానం మెట్లు నా చేయి పట్టుకుని ఎక్కాడు. ఎడమ పక్క కిటికీ సీటు ఆయనకిచ్చాను. ఫోనులో చూసి, విమానం పోయే దూరం నాలుగు వందల యాభై కిలోమీటర్ల పైచిలుకనీ, గంటా పది నిమిషాల్లో దిగుతామనీ చెప్పాను.

"రోడ్డు మీద ఐదు వందల డెబ్బై. నాకు పది గంటలు పట్టేది" అన్నాడు.

విమానం లేచేటప్పుడు ఆయన కుడికాలు నేలను గట్టిగా తొక్కడం చూశాను. పైకెక్కాక కిందికి వంగి చూడటం మొదలుపెట్టాడు. నాకు ఎర్రనేల, ఎండిన చెరువులు తప్ప ఏమీ తెలియలేదు. ఆయన మాత్రం దూరంగా దారంలా సాగే రోడ్డును వేలితో పట్టుకున్నాడు.

"అదో, కార్ల ఫ్యాక్టరీ తెల్లరేకులు. దాని అవతల పెనుకొండ. ఇంగ ఆ మలుపు దాటితే అనంతపురం. గార్లదిన్నె కాడ ఒకసారి టైరు పగిలింటే, ప్యాసింజర్లు నీడ దొరక్క బస్సు కిందనే కూర్చున్నారు."

ముప్పై ఏళ్ల దారిని ఆయన అంత ఎత్తు నుంచి చదువుతుంటే నోరు తెరుచుకుని విన్నాను.

దిగే సమయం దగ్గరపడింది. నాయన ఉన్నట్టుండి నా చేయి తట్టాడు.

"సుట్టూ తిరుగుతాండాము. ఎండ ఈ పక్క నుంచి ఆ పక్కకు పోయింది చూడు. ఆడ దిగేదానికి జాగా లేనట్టుండాది."

నేను నమ్మలేదు. రెండు నిమిషాలకు పైలట్ గొంతు వినిపించింది: రన్‌వే ఖాళీ లేదట, కాసేపు ఆగాలట. ముందు సీట్లో కూర్చున్న ఒకాయన వెనక్కి తిరిగి నాయన వైపు చూశాడు.

చక్రాలు నేలకు తగిలినట్టే తెలియలేదు. దిగేటప్పుడు తలుపు దగ్గర నిలబడ్డ పైలట్ ఒక అమ్మాయి. నాయన ఆగి చేతులు జోడించాడు.

"నేనూ డ్రైవర్నేనమ్మా, బస్సుకు. ఇంత మెత్తగా నేను ఎప్పుడూ ఆపలేదు."

ఆమెకు తెలుగు వచ్చు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, "ముప్పై మందిని ఆ రోడ్ల మీద తీసుకుపోవడం నాకు చేతకాదు సార్" అంది.

నాయన తలూపి ముందుకు నడిచాడు. ఈసారి మెట్ల మీద నా చేయి పట్టుకోలేదు.