పరాయి దేశం పేరు తార్నాక

నిన్న మధ్యాహ్నం మల్కాజ్‌గిరి నుంచి మా అక్క ఫోన్ చేసింది. బావకు యూరప్‌లో, పటంలో బాగా పైన ఎప్పుడూ తెల్లగా కనిపించే దేశాల్లో ఒకదానిలో ఉద్యోగం వచ్చింది. ఇద్దరు పిల్లలతో వచ్చే నెల ప్రయాణం. అక్కడ ఏ పేటలో ఇల్లు తీసుకోవాలో తేలక వారం నుంచి భార్యాభర్తలు మాట్లాడుకోవడం లేదట. బావ బడుల మార్కులు చూస్తున్నాడు, అక్క సోనామసూరి బియ్యం దొరికే కొట్లు చూస్తోంది. "నీకేమన్న తెలుసారా?" అని అడిగింది. తెలుసన్నాను. చిన్నపిల్లలతో పరాయి దేశం వచ్చిన మనిషికి దగ్గరుండి గల్లీ వెతికిపెట్టిన అనుభవం నాకుంది. కాకపోతే ఆ పరాయి దేశం పేరు తార్నాక.

అప్పుడు నేను పీహెచ్‌డీ రెండో ఏడు. మా డిపార్టుమెంటులో పరిశోధక విద్యార్థి అంటే గైడుగారింటికి గ్యాస్ బండ చేర్చేవాడు, వీలు చిక్కితే పరిశోధన చేసేవాడు. మే నెలలో ఒకరోజు గైడుగారు పిలిచి, ఇథియోపియా నుంచి ఒకావిడ పీహెచ్‌డీకి వచ్చిందని, వెంట ఇద్దరు పిల్లలున్నారని, క్యాంపస్ గెస్ట్‌హౌస్‌లో పది రోజులకు మించి ఉండనివ్వరని, ఇల్లు చూసిపెట్టమని చెప్పారు. "నువ్వు లోకల్ కదా" అన్నారు. లోకలే. లోకల్ అయ్యుండీ క్యాంపస్ పక్కనున్న తార్నాకలో ఎవరూ గది ఇవ్వక హాస్టల్లో పడి ఉన్నానన్న సంగతి ఆయనకు చెప్పలేదు. గౌరవం పోతుందని కాదు, ఆయన వినరని.

ఆవిడ గెస్ట్‌హౌస్ వరండాలో కూర్చుని ఉంది. పక్కన ఏడేళ్ల కూతురు, ఒళ్లో నాలుగేళ్ల కొడుకు. ఆవిడ ఇంగ్లిషూ నా ఇంగ్లిషూ రెండూ అరువు తెచ్చుకున్నవే కాబట్టి ఒకరి మాట ఒకరికి చక్కగా అర్థమయ్యేది. పిల్లలు నన్ను అంకుల్ అన్నారు. నాకు ఇరవై ఆరేళ్లని చెప్పి చూశాను, లాభం లేకపోయింది. మాటల మధ్యలో ఆవిడ బస్సు టైము చెప్పినంత మామూలుగా చెప్పింది: "పది రోజుల్లో ఇల్లు దొరక్కపోతే పిల్లల్ని మా అమ్మ దగ్గర దింపి ఒక్కదాన్నే తిరిగొస్తాను. మూడేళ్లే కదా." ఏదో జోకు వేద్దామని నోరు తెరిచాను. ఒళ్లోని పిల్లవాడు సగం తిన్న బిస్కెట్ నా నోట్లో పెట్టాడు. అంతటితో ఆ జోకు పోయింది.

మర్నాటి నుంచి తిరుగుడు. పొద్దున్నే క్యాంపస్‌లో ఉదయపు నడకకు వచ్చేవాళ్లు ఇళ్లకు వెళ్లే వేళకి మేం బయల్దేరేవాళ్లం. పదింటికల్లా తారు రోడ్డు చెప్పులకు అంటుకునేది. ఎక్కడికి పోయినా మొదటి ప్రశ్న ఒకటే, ఫ్యామిలీయా బ్యాచిలరా అని. ఈసారి నా దగ్గర ఫ్యామిలీ ఉంది, అది నాది కాదు, అంతే తేడా. రాయలసీమ నుంచి వచ్చి ఇక్కడే రిటైరైన ఒక ఉద్యోగి గేటు సగం తెరిచి, "ఫ్యామిలీ అంటివే, యాడప్పా ఫ్యామిలీ?" అన్నాడు. చూపించాను. చాలాసేపు చూశాడు. "వాళ్ల తిండి వేరు, మన తిండి వేరు గదప్పా. నీళ్లు గూడా తక్కువ మాకు." తిండికీ నీళ్లకూ సంబంధమేమిటో అడిగేలోపు గేటు పడింది. ఇంకొకాయన, పోర్షను మొన్ననే ఇచ్చేశానని, టు-లెట్ బోర్డు తీయడం మర్చిపోయానని చెప్పాడు. మేం వెళ్లిన ప్రతి గల్లీలోనూ ఆ మతిమరుపు జబ్బు ఉంది. ఆవిడకు ఇవన్నీ కొంచెం మెత్తబరిచి తర్జుమా చేసేవాణ్ణి. నా తర్జుమా పూర్తయ్యేలోపే ఆవిడ కూతురి చేయి పట్టుకుని వెనక్కి తిరిగేది. మూసే గేటుకు తర్జుమా అక్కర్లేదని నాకు ఆలస్యంగా తెలిసింది.

పరిశోధన నేర్చినవాణ్ణి కాబట్టి ఒక పట్టిక కూడా తయారుచేశాను. బడి ఎంత దూరం, నీళ్లు ఎన్ని రోజులకు వస్తాయి, కుక్కలెన్ని, చప్పుడెంత, ఇలా. అందులో క్యాంపస్ గోడకు ఎదురుగా చెట్లతో చల్లగా, గుసగుసలు కూడా వినపడేంత నిశ్శబ్దంగా ఉండే ఒక గల్లీకి మొదటి ర్యాంకు. లాలాగూడ వైపు, రైల్వే క్వార్టర్లు దాటాక వచ్చే ఒక ఇరుకు గల్లీకి ఆఖరిది. ఎనిమిదో రోజున, వింతల్లో వింత, మొదటి ర్యాంకు గల్లీలో ఒక ఓనరు సరేనన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అది సంతోషం కాదు, కాళ్ల నొప్పి. ఆవిడ మాత్రం, "సాయంత్రం ఐదింటికి ఒకసారి చూసి చెప్తాను" అంది. చూసిన ఇల్లే, సాయంత్రం అయితే గోడలు మారతాయా?

ఐదింటికి వెళ్లాం. ఆవిడ ఇంట్లోకి అడుగైనా పెట్టలేదు. గల్లీ మధ్యలో నిలబడి, ఆడుకోండని పిల్లల్ని వదిలింది. పెద్దది పరిగెత్తి పరిగెత్తి బోర్లా పడింది. మోకాలు చీరుకుపోయి గట్టిగా ఏడ్చింది. నేను పరిగెత్తబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. కూతురి వైపు కాదు, తలుపుల వైపు చూస్తోంది. పై అంతస్తులో ఒక కర్టెన్ కదిలి మళ్లీ సర్దుకుంది. చివరికి ఒక వాచ్‌మన్ వచ్చి, "సార్ పండుకున్నడు, లొల్లి చేయకుండ్రి" అన్నాడు. అప్పుడు వెళ్లి కూతుర్ని ఎత్తుకుని, "ఇది కాదు" అంది.

నాకు నిజంగానే కోపం వచ్చింది. "రెండు రోజులున్నాయి. మీకు ఇల్లు కావాలా, తలుపులు కావాలా?" అన్నాను. ఆవిడ రుమాలుతో మోకాలు తుడుస్తూ తలెత్తకుండానే చెప్పింది: "నేను లైబ్రరీలో ఉన్నప్పుడు కూడా వీళ్లు పడతారు. అప్పుడు ఎవరు బయటికి వస్తారో నాకు ఇప్పుడే తెలియాలి."

నిన్న మా అక్కకు ఈ పద్ధతి ఎంతో గొప్పగా చెప్పాను. "గాడ సలికి అందరు తలుపులు బందువెట్టుకునే ఉంటరు గదరా. పోరిని మంచుల పడేసి నేను నిలవడాల్నా?" అంది. అనుభవం అంటే అంతే, ఒక్క పిన్‌కోడ్‌కే పనికొస్తుంది.

తొమ్మిదో రోజు ఆఖరి ర్యాంకు గల్లీకి వెళ్లాం. ఇద్దరికీ ఆశ లేదు. ఆటోలు, కుట్టు మిషను, కుక్కర్ల ఈలలు, గోడకు బొగ్గుతో వికెట్లు గీసి క్రికెట్ ఆడే పిల్లలు. మేం నిలబడి అర నిమిషం కాలేదు, బంతి వచ్చి చిన్నోడి గడ్డానికి తగిలింది. వాడు అందుకున్న శ్రుతికి మూడు తలుపులు ఒకేసారి తెరుచుకున్నాయి. అందరికంటే ముందు ఒక ముసలావిడ, చేతులకు జొన్నపిండితో వచ్చి, వాణ్ణి చంకనేసుకుని, నల్లా దగ్గర గడ్డం కడిగి, క్రికెట్ పిల్లల్ని తిట్టి, ఆ ఊపులోనే మా మీదికి వచ్చింది.

"ఏందమ్మా, పోరడు గంతగనం ఏడుస్తుంటే సినిమా సూసినట్టు సూస్తున్నరు? మీ పోరడేనా?"

ఇల్లు చూస్తున్నామని చెప్పాను. వాళ్ల మీది పోర్షను తాళం వేసి ఉంది. నన్ను కిందికీ మీదికీ చూసింది. "బ్యాచిలర్వా?"

"నేనే బ్యాచిలర్ని అవ్వా. ఇల్లు నాకు కాదు, వాళ్లకు."

"మాంసం తింటరా?"

అయిపోయిందనుకున్నాను. "తింటరు."

"మేం గూడ తింటం. కని మా ముసలాయనకు డాక్టరు బందువెట్టిండు. వండినప్పుడు కిటికీలు మూసుకోమను, ఆయన పానం గుంజుతది."

"గంతేనా?"

"ఇంకొకటి. నువ్వు మీదికి రావద్దు. ఆడిమనిషి ఒక్కతే ఉంటది."

తొమ్మిది రోజులు తిరిగి ఆ ఇంట్లో నాకు దొరికిన హోదా అది. తర్జుమా చేసి చెప్పాను. ఆవిడ ఏడవలేదు, నవ్వలేదు. మెట్టు మీద కూర్చుని మెల్లగా చెప్పులు విప్పింది.

మూడేళ్లన్న చదువు మా యూనివర్సిటీ ఆచారం ప్రకారం నాలుగేళ్లయింది. కింది వాకిలి దాటకుండా నేను ఆ ఇంటికి చాలాసార్లు వెళ్లాను. ఆవిడ లైబ్రరీలో ఉన్న సాయంత్రాలు పిల్లలు అవ్వ గుమ్మంలో జొన్నరొట్టె తింటూ కనిపించేవాళ్లు. ముసలాయన పైకిటికీ వంక చూస్తూ కూర్చునేవాడు. కిందటేడు ఆవిడ డాక్టరేట్ చేతపట్టుకుని బయల్దేరింది. వాకిట్లో కారు, సామాన్లు. అవ్వ ఏడుపు కనపడకుండా డ్రైవర్ని తిడుతోంది. చిన్నోడు మాత్రం మెట్టు మీంచి లేవలేదు.

"అంకుల్, గాడ నాకు ఎవరు దెల్వది" అన్నాడు.

"అది మీ సొంతూరురా" అన్నాను, పెద్దమనిషిలా.

"యాదికి లేదు."

సంచులు లెక్కపెడుతున్న వాళ్లమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నాలుగేళ్లు ఇట్టే గడిచిపోయాయని అప్పటిదాకా మేం పెద్దవాళ్లం ఒకరికొకరం చెప్పుకుంటున్నాం. వాడికి ఎనిమిదేళ్లు. మాకు ఇట్టే గడిచిపోయిన ఆ నాలుగేళ్లు, వాడు బతికిన బతుకులో సగం.