మూడు ట్యూబుల లెక్క

ఎండ తగిలితే నా భార్య ముఖమంతా దద్దుర్లు లేస్తాయి. ఆమెకు ఒక్కసారైనా సముద్రం చూపించాలని, ఇబ్రహీంపట్నం బస్టాండులో కూర్చుని సన్‌స్క్రీన్ లెక్క డైరీలో నాలుగోసారి వేస్తున్నాను. ఐదు రోజులు, మూడు గంటలకోసారి. రెండు ట్యూబులు చాలుతాయా, మూడు కావాలా?

పక్కన కూర్చున్న కూలి పనామె తొంగిచూసింది. "గంతగనం ఏం రాస్తున్నవ్ బాపు?"

చెప్పాను.

"మిట్టమధ్యాహ్నం సముద్రంకాడ ఏం పని? మేమే గప్పుడు నీడకు జరుగుతం. అమ్మను పొద్దుగాల తీస్కపో."

నవ్వుతూ గాజులు పైకి జరిపింది. వాటి కింద చర్మం లేత రంగులో ఉంది. "ఎండల పనికి పోకముందు నేను గిట్లుంటి బాపు."

బస్సొస్తే వెళ్లిపోయింది.

మూడు ట్యూబులు తీసుకెళ్లాం. పొద్దున్నే అలల్లో నిలబడి, ఎండెక్కకముందే గదికి వచ్చేవాళ్లం. మూత తీయని ట్యూబు ఒకటి మిగిలింది. ఇప్పటికీ నా సంచిలోనే ఉంది. ఆ బస్టాండుకు వెళ్లినప్పుడల్లా ఆ కూలి పనామె కోసం చూస్తాను.