మోరీకి ఇవతలి ఓటర్లు

కరీంనగర్‌లో మా గల్లీ చిన్నది. మా వైపు ఇళ్ల ముందు మురుగు మోరీ మూత లేకుండా పారేది. రెండేళ్ల కింద మా అవ్వ దాన్ని దాటబోయి జారి పడింది. కాలి ఎముక అతుక్కుంది కానీ ధైర్యం అతుక్కోలేదు. ఎదురింటి అరుగు మీద కూర్చుని ముచ్చట్లు పెట్టే మనిషి, ఆనాటి నుంచి గడప దిగలేదు. కిటికీలోంచే అరిచి మాట్లాడేది. ఎదురింటామెకు చెవుడు. దాంతో మా ఇంటి సంగతులన్నీ గల్లీకి తెలిసిపోయాయి.

ఇంతలో కార్పొరేషన్ ఎన్నికలొచ్చాయి. డివిజన్లు మార్చామనీ, ఓటర్ల ముసాయిదా జాబితా గోడకు అంటించామనీ, అభ్యంతరాలుంటే చెప్పమనీ ప్రకటించారు. గల్లీలో చదువుకున్నవాణ్నని నన్ను పంపారు. గంటసేపు నిలబడి అందరి పేర్లూ, ఇంటి నంబర్లూ సరిచూశాను. ఒక్క తప్పూ లేదు. పైన డివిజన్ నంబరు కూడా ఉంటుందనీ, చూడాల్సింది అదేననీ నాకు తట్టలేదు. అంతా మంచిగానే ఉందని వచ్చి చెప్పాను. నాకు చాయ్ కూడా పోశారు.

పక్క వీధిలో గ్రానైటు రాళ్లు కోసే మిషన్ నడిపే ఆయన స్వతంత్రుడిగా నిలబడ్డాడు. ఓట్లడగడానికి వస్తే అవ్వ కిటికీలోంచే బేరం పెట్టింది.

"బిడ్డా, గీ మోరి మీద బండలేయించు. నా ఓటు నీకే."

మూడో రోజు ట్రాలీ నిండా గ్రానైటు బండలొచ్చాయి. మా వరుసలో ప్రతి ఇంటి ముందూ వేయించాడు. ఎన్నికలప్పుడు ఇలా వేయించుకోకూడదని నాకు తెలుసు. కానీ ఆ సాయంత్రం అవ్వ బండ మీదుగా నడిచి వెళ్లి అరుగెక్కింది. మా బాపు పోయాక ఆమె అంతగా నవ్వడం నేను చూడలేదు. నియమాల ఊసెత్తడానికి నాకు నోరు రాలేదు. మా వరుస ఓట్లన్నీ గంపగుత్తగా ఆయనకేనని మాటిచ్చేశాం.

పోలింగ్ రోజు బ్యాలెట్ కాగితం మీద ఆయన గుర్తు కనబడలేదు. తిప్పి వెనక కూడా చూశాను. అక్కడున్న ఉద్యోగిని అడిగాను.

"మీది గా డివిజన్ కాదు సార్. జర జల్ది ఏయుండ్రి, లైనుంది."

మా గల్లీని నిలువునా చీల్చారు. ఎదురు వరుస ఆయన డివిజన్, మా వరుస వేరే డివిజన్. ఆయన జేబులోనూ జాబితా ఉంది, ఆయనకూ గల్లీ అంటే మొత్తం గల్లీయే. కొద్ది ఓట్లతో ఓడిపోయాడు. మావి పడుంటే గెలిచేవాడే.

ఫలితాలొచ్చిన మర్నాడు పొద్దున్నే అదే ట్రాలీ వచ్చింది. ఈసారి ఖాళీగా, ఇద్దరు పనివాళ్లతో, గడ్డపారలతో. ఆయన మొహం మాడిపోయి ఉంది.

"తప్పు నాది. లిస్టు నేనే చూసిన," అన్నాను సిగ్గుతో.

"ఎవల తప్పైతేంది అన్నా. మీరు నా ఓటర్లే కాదట గద," అని పనివాళ్లకు సైగ చేశాడు.

అప్పుడు అవ్వ గడప మీదికొచ్చింది.

"తీస్కపో బిడ్డా, నీ బండలు నీయే. గని ముందుగాల నన్ను గా పక్కకు దాటియ్యి. ఇగ ఆడనే ఉంట. ఆడుంటే నీ ఓటర్నే గద."

ఆయన గడప దగ్గరికొచ్చాడు. తర్వాత అవ్వ చెయ్యి పట్టుకుని మెల్లగా దాటించి అరుగు మీద కూర్చోబెట్టాడు.

"ఆగుండ్రి. ముసలామె వాపసు ఇంట్లకు పోయినంక తీద్దాం," అన్నాడు పనివాళ్లతో.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అవ్వకు మాత్రం తిరగలేదు. మధ్యాహ్నం బువ్వ కూడా అక్కడికే తెప్పించుకుని తిన్నది. ట్రాలీ ఖాళీగా మలుపు తిరిగేదాకా అరుగు దిగలేదు.