బండి తిరిగిపోయిందని చెప్పాను

మా ఎల్లారెడ్డి మిషను దవాఖాన మంత్రసాని చనిపోయింది. ఆ పూట నేను ఎల్లారెడ్డిలో లేను. గాయాలకు కట్టే పట్టీల గుడ్డ కోసం కామారెడ్డికి వచ్చి మా తమ్ముని ఇంట్లో ఉన్నాను. ఎల్లారెడ్డి మోటారు బస్సు డ్రైవరు ఇంటి ముందు ఆపి, దిగకుండానే చెప్పాడు. "పెద్దక్కా, అవ్వ పోయింది. తెల్లారంగ పోయింది." నా చేతిలో అప్పుడే కొన్న గుడ్డ తాను ఉంది. దాన్ని అట్లాగే పట్టుకొని మోటారెక్కాను.

ఆమెను గురించి నాలుగు మంచి మాటలు రాయమని ఈ పత్రిక వారు అడిగారు. రాస్తాను. కానీ నేను కోపంగా ఉన్నానని చదివేవారికి ముందే చెప్పాలి. కోపం మంచిది కాదని తెలుసు. రోజూ ప్రార్థనలో దాన్ని దేవుని ముందు పెడుతున్నాను. ఆయన ఇంకా తీసుకోలేదు.

సమాధి దగ్గర పాస్టరు గారు ఆమెను త్యాగమూర్తి అన్నారు. ఇరవై ఏండ్లు క్రిస్మస్ సెలవు కోరకుండా, తోటివారు తమ ఇండ్లకు పోయి సంతోషంగా ఉండాలని దవాఖానలోనే ఉండిపోయిందన్నారు. మా కంపౌండరు తల ఊపాడు. చిన్న నర్సు కళ్లు తుడుచుకుంది. నాకు ఒళ్లు మండింది. ఇచ్చినవాళ్లది త్యాగం. మనం తీసేసుకొని, ఇచ్చిందని చెప్పుకుంటే దాన్ని ఏమనాలి? ఆ రోజే ఇంకొక సంగతి జరిగింది. సిలువ మీద రాయడానికి ఆమె పేరు ఏమిటని వడ్రంగి అడిగాడు. ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. చివరికి రిజిస్టరు తీసి చూడవలసి వచ్చింది. ఊరంతటికీ ఆమె అవ్వ. మాకూ అంతే.

ఆమెది బీర్కూరు. వ్యవసాయం చేసే ఇల్లు. చిన్నప్పుడే తల్లి పోతే తమ్ముణ్ని చంకన వేసుకొని పెంచింది. పెండ్లయిన మూడేండ్లకు భర్త పోయాడు. తరువాత మా దవాఖానలో పనికి చేరింది, బాప్తిస్మం తీసుకుంది. ఆనాడు తమ్ముడు, మళ్లీ మా గడప తొక్కకు, నేను మీ మిషను గేటు తొక్కను అన్నాడట. ఈ సంగతి ఆమె ఒక్కసారే చెప్పింది, చేతులు కడుక్కుంటూ. కాన్పుకు ముందు మోచేతుల దాకా కడిగేది. కడిగినంతసేపు ఏదో గొణిగేది. పాట అనుకునేవాళ్లం. తల్లి కడుపులో ఉన్న బిడ్డతో మాట్లాడుతున్నానని చెప్పేది.

గడీలోని దొరసాని అయినా, బీడీలు చుట్టే ఇంటి కోడలయినా ఆమెకు ఒకటే. ఏ ఇంటికి పోయినా మొదటి పని అత్తగారిని ఏదో ఒక వంకతో బయటికి పంపడం. "ముందుగాల అత్తను తోలాలె. సగం నొప్పి ఆమె ఎంబడే పోతది" అనేది. బిడ్డ పుట్టగానే దీపం దగ్గరికి ఎత్తి, "వచ్చినవా? ఇగ నీ పంచాయితి మొదలు" అనేది. ఆ మాట అనకుండా ఆమె ఏ బిడ్డనూ తల్లి పక్కన వేయలేదు. మా కంపౌండరు కొడుకు కూడా ఆ మాట విన్నవాడే.

మా దవాఖానలో ఒక అలవాటు ఉంది. క్రిస్మస్ సెలవులకు ముందు సాయంత్రం పనివాళ్లమంతా వసారాలో కూర్చుంటాం. గుడ్డ తాను చించి, సెలవు రోజులకు సరిపడా పట్టీలు చుట్టి పెడతాం. ఒక్కొక్కరు ఒక పట్టీ చుట్టినంతసేపు తమ పండుగ సంగతి చెప్పాలి. ఎక్కడికి పోతున్నారు, ఎవరెవరు వస్తున్నారు, ఇంట్లో ఏ శుభం జరిగింది, ఏం వండుతారు. పట్టీ అయిపోతే మాట ఆపాలి. చెప్పాల్సింది ఎక్కువున్నవాళ్లు మెల్లగా చుట్టేవాళ్లు. నేనే అందరికన్నా మెల్లగా చుట్టేదాన్ని. ఆరుగురిలో పెద్దదాన్ని. నేను పోయి ప్రార్థన మొదలుపెడితే తప్ప కామారెడ్డిలో మా ఇంట్లో పండుగ కాదు. నలుగురు తమ్ముళ్ల సంగతులు, ఒక చెల్లె సంగతి నా ఒక్క పట్టీలోనే పట్టాలి.

పెద్ద నర్సును గనుక సెలవు కాగితం రాసేది కూడా నేనే. మంత్రసాని పేరు దాంట్లో ఎన్నడూ రాయలేదు. ఎవరో ఒకరు ఉండాలి. ఆమెకు ఎవరూ లేరు. ఈ రెండు మాటలూ మాకు చాలా వీలుగా ఉండేవి.

ఆమె వంతు వచ్చినప్పుడు నవ్వించేది. ఒక ఏడు హైదరాబాదు పోయి కొత్త మోటారు కొంటానంది. ఇంకొక ఏడు బెత్లెహేముకు పోతానంది. "మరియమ్మకు పురుడు పోసిన మంత్రసాని ఎవలో కనుక్కొని వస్త. గొర్లకాపరులను రాసిండ్రు, గాడిదను గూడ చెప్పుకుంటరు. ఆమె పేరు రాయనీకి జాగ దొరకలేదా?" అంది. కంపౌండరు నవ్వి నవ్వి పట్టీ జారవిడిచాడు. నేనూ నవ్వాను. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే నవ్వు రాదు.

నిరుడు కూడా అట్లాగే కూర్చున్నాం. యుద్ధం వల్ల గుడ్డ దొరకడం కష్టమై, పాత దుప్పట్లు ఉడకబెట్టి చించుకున్నాం. కంపౌండరు సదాశివనగర్‌లో కొడుకు మొదటి పండుగని, ఎర్ర టోపీ కుట్టించానని చెప్పాడు. చిన్న నర్సు రాజంపేటలో తన పెండ్లి మాట ఖాయం చేయబోతున్నారని చెప్పి తల దించుకుంది. నేను తమ్ముని బిడ్డ బాప్తిస్మం గురించి చెప్పాను. తరువాత మంత్రసాని.

"నేను బీర్కూరు పోత. మా తమ్ముని పొలానికి నిజాంసాగర్ కాలువ నీళ్లొచ్చినయి. కొత్త బియ్యం దంచిండ్రట. ఇంటి ఆడబిడ్డ మొదటి ముద్ద ముట్టంది ఎవలు ముట్టరట. గాజులామెతోని కబురంపిండు. రేపు తనే బండి కట్టుకొని వస్తున్నడు."

కంపౌండరు, "అవ్వా, మొన్న బెత్లెహేము, ఇప్పుడు బీర్కూరు. దగ్గరదగ్గరికి వస్తున్నవు" అన్నాడు. అందరం నవ్వాం. ఆమె కూడా నవ్వింది. కానీ ఆమె చుట్టిన పట్టీ ఎన్నడూ లేనిది వదులుగా వచ్చింది. దాన్ని విప్పి మళ్లీ చుట్టింది నేనే. చుట్టాను గానీ ఎందుకు వదులైందని అడగలేదు.

అది నిజమని మాకు తెలియలేదని ఇప్పుడు అందరూ అంటున్నారు. ఆమె ఎప్పుడూ హాస్యమాడేది గదా అంటున్నారు. నేను అట్లా అనను. నమ్మితే మాలో ఒకరి సెలవు పోయేది. అందుకే నవ్వాం.

తెల్లారి నేను సంచి తీసుకొని బయటికి వచ్చేసరికి తండా నుంచి ఒక పిల్లను మంచం మీద మోసుకొచ్చారు. మొదటి కాన్పు. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. మంత్రసాని వసారాలో తడి చేతులతో నిలబడింది. గోడ పక్కన తువ్వాలలో కట్టిన మూట ఉంది. నేను ఆ మూటను చూశాను.

"పెద్దక్కా" అంది. నాకన్నా పదేండ్లు పెద్దదైనా అందరిలాగే నన్ను అట్లాగే పిలిచేది. "మోటారు అడ్డ కాడ బండి ఉంటది. ఈ పిల్ల గట్టెక్కేదాక నేను కదలరాదు. మా తమ్మునికి చెప్పు. ఆగుమను. ఆగలేకపోతే మళ్లెప్పుడు రావాలెనో అడుగు."

"బెత్లెహేము బండేనా అవ్వా?" అన్నాను.

ఆమె నా ముఖం చూసింది. ఏదో అనబోయింది. లోపల ఆ పిల్ల అరిచింది. ఆమె లోపలికి పోయింది. నేను మోటారుకు పోయాను.

అడ్డా దగ్గర వేపచెట్టు కింద ఒక బండి ఉంది. బండి పక్కన ఒక మనిషి నిలబడి ఉన్నాడు. చూశాను. పది అడుగులు నడిస్తే అయ్యేది. మోటారెక్కి కిటికీ దగ్గర కూర్చున్నాను.

నాలుగు రోజుల తరువాత తిరిగి వచ్చాను. ఆమె బావి దగ్గర గుడ్డలు పిండుతోంది. కాన్పు అర్ధరాత్రి దాకా పట్టిందని, తండా పిల్ల, బిడ్డ ఇద్దరూ బతికారని చెప్పింది. తరువాత అడిగింది.

"చెప్పినవా?"

"చెప్పిన అవ్వా. బండి తిరిగిపోయింది."

"ఏమన్నడు?"

"మళ్లేడు వస్తనన్నడు."

"మంచిగున్నడా?"

"గుర్రం లెక్కున్నడు."

నా మట్టుకు అది పట్టీల దగ్గర ఆడిన హాస్యమే. ఆమె పిండిన చీరనే మళ్లీ పిండింది. ఆ ఏడాదంతా ఆమె ఆ మాట చెబుతూ తిరిగింది. మందులకు వచ్చినవాళ్లకు చెప్పింది, కూరగాయలమ్మేవాళ్లకు చెప్పింది. మా తమ్ముడు గుర్రం లెక్కున్నడట, మళ్లేడు వస్తడట. నా ముందే చెప్పింది. నేను విన్నాను. అప్పుడైనా నాకు అనుమానం రావాలి. ఏమో, వచ్చిందేమో. వస్తే పక్కకు తోశాను. దేవుని ముందు అబద్ధం చెప్పలేను గనుక ఇట్లా రాస్తున్నాను.

ఆమె ఆ వచ్చే పండుగ కోసం ఎదురుచూసింది. ఈసారి కోతలు మొదలైన నాటి నుంచి ఆమెకు జ్వరం. మంచంలో ఉండి కూడా బీర్కూరు వైపు కోతలు అయినయా అని అడిగేది. పండుగకు మూడు వారాల ముందు పోయింది.

మోటారువాళ్లు బాన్సువాడ దాకా కబురు మోశారు, అక్కణ్నుంచి అది బీర్కూరు చేరింది. మరునాడు మట్టి పోస్తుండగా ఒక మనిషి గేటు దాటి లోపలికి వచ్చాడు. ఎర్ర తలపాగ. రాత్రంతా బండి తోలిన ముఖం. చేతిలో చిన్న మూట. ఎవరని అడిగితే, "ఆమె తమ్మున్ని" అన్నాడు. మూట విప్పి కొత్త బియ్యం గుంటలో పోయబోయాడు. పాస్టరు గారు, ఇది మన పద్ధతి కాదు అన్నారు.

"పొయ్యనియ్యండి" అన్నాను.

నా గొంతు ఎట్లా వచ్చిందో గానీ ఆయన వెనక్కి జరిగారు.

అందరూ పోయాక అతను నన్ను అడిగాడు. "అమ్మా, నిరుడు అక్క బండి కాడికి ఎందుకు రాలే? మీకేమన్న చెప్పిందా?"

చెప్పాను. ఆమె ఏం చెప్పి పంపిందో, నేనేం చేశానో, తిరిగొచ్చి ఏమన్నానో అంతా చెప్పాను. అతను మట్టివైపు చూస్తూ విన్నాడు.

"దీపాలు పెట్టేదాక నిలవడ్డ" అన్నాడు. "రాకపాయె. నేను చేసిన దానికి గంతే అనుకున్న."

"గేటు కనబడుతనే ఉండె గదా. రెండడుగులు లోపలికి రాకపోతివా?"

"తొక్కనన్న మాట ఉండె."

అతని మీద కూడా నాకు కోపం వచ్చింది. ఇరవై ఏండ్లు ఒక మాటను పట్టుకొని కూర్చున్నాడు. పెంచిన చేతిని మరిచాడు. అతను నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. చివరికి, "గుర్రం లెక్కున్ననని చెప్పిండ్రా?" అని అడిగాడు. అవునన్నాను. తలపాగ విప్పి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆమె మీద కూడా కోపంగానే ఉంది. మూట కట్టుకొని కూడా ఒక్కసారి గట్టిగా అరవలేదు. పెద్దక్కా, నవ్వుడు ఆపు, ఇది నిజం అని నా చెయ్యి పట్టుకోలేదు. బయటి ఇండ్లలో పిల్లలను కనే ఆడవాళ్ల కోసం అత్తలతో, మొగుళ్లతో కొట్లాడిన మనిషి తన కోసం ఒక్క మాట గట్టిగా అనలేదు. అనవలసిన పని ఆమెది కాదు. అది కూడా నాకు తెలుసు.

మొన్న సాయంత్రం వసారాలో పట్టీలకు కూర్చున్నాం. కంపౌండరు తన పిల్లగాడు అడుగులేస్తున్నడని మొదలుపెట్టి, ఆమె కూర్చునే స్తంభం వైపు చూసి ఆపేశాడు. నా వంతు వచ్చింది. ఇక్కడ రాసిందంతా వాళ్లకు చెప్పాను. నా పట్టీ అయిపోయింది. ఇంకొకటి తీసుకొని చెప్పాను. ఎవరూ ఆపమనలేదు. ఈసారి సెలవు కాగితంలో నా పేరు లేదు. కామారెడ్డికి కబురంపాను, ప్రార్థన మీరే చేసుకోండని. దాంతో ఏదీ తీరదు.

నిరుడు ఆ పొద్దు మోటారు కిటికీలోంచి చూసింది ఇప్పుడు కళ్లు మూసుకుంటే వస్తోంది. ప్రార్థనకు కూర్చున్నా అదే వస్తోంది. బండిలో గడ్డి మందంగా పరిచి ఉంది. దాని మీద కొత్త చాప. ముసలి మనిషి నడుముకు ఆసరాగా ఒక పక్కన దిండు. ఎండ పడకుండా పైన దుప్పటి కట్టి ఉంది. ఎర్ర తలపాగ మనిషి మోటారు వైపు చూడడం లేదు. మా గేటు వైపు చూస్తున్నాడు. ఎద్దులను విప్పలేదు, ఇప్పుడో ఇంకాసేపటికో ఆమె వస్తుందని.