మేక మధ్యవర్తిగా బొచ్చె వేట

ఆషాఢ మాసంలో మూడో ఆదివారం, పొద్దున సరిగ్గా ఆరున్నర గంటలు. మా అత్తగారి ఊరి చెరువులో, తూము పక్కన, గాలపు కర్ర పట్టుకుని నేను నిలబడి ఉన్నాను. కాస్త దూరంలో, నా వైపు వీపు పెట్టి మా అత్త నిలబడి ఉంది. మా ఇద్దరి మధ్య ఒక నల్ల మేక. ఇంత కచ్చితంగా ఎలా గుర్తుందని అడుగుతారేమో. పెళ్ళాన్ని చూడడానికి పడిన పాట్లు మరిచిపోయేవాడు మొగుడే కాడు. (అక్షరాలు నాకు తల నెరిశాక వచ్చాయి గానీ జ్ఞాపకం మొదటి నుంచీ ఉంది.)

ఆ రోజుల్లో ఆషాఢమంటే కొత్త జంటలకు జైలు. పెళ్ళయిన మొదటి ఏడు ఆ నెల రాగానే పిల్లను పుట్టింటివాళ్ళు తీసుకుపోతారు, అల్లుడు అత్తగారింటి గడప తొక్కకూడదు. ఎందుకని అడిగితే ఒకాయన శాస్త్రమంటాడు, ఇంకొకాయన సేద్యం పనులంటాడు, మూడో ఆయన "ఎండాకాలంలో కాన్పు వస్తాది గదప్పా" అని గొంతు తగ్గిస్తాడు. పెళ్ళాల మీద విసుగు పుట్టిన ముసలాళ్ళు కుర్రాళ్ళ మీద కక్షతో పెట్టిన రూలు ఇదని నేను అప్పుడే తేల్చేశాను. ఇప్పుడు నేనూ ముసలివాణ్ణే, అయినా ఆ మాట మార్చుకోవలసిన అవసరం కనపడలేదు. దానికి తోడు మా వైపు ఇంకొక మర్యాద ఉండేది. అత్త అల్లుడి ఎదుట పడకూడదు, అతనితో నేరుగా మాట్లాడకూడదు. చెప్పవలసింది మధ్యలో ఎవరికో చెప్పాలి. మనిషి దొరకకపోతే స్తంభానికైనా, పొయ్యికైనా చెప్పాలి. అల్లుడు అది విని నడుచుకోవాలి.

నాది చంద్రగిరి పక్కన పల్లె. అప్పుడు గూడూరు నిమ్మకాయల మండీలో మూటలు కుట్టేవాణ్ణి. అత్తగారిది పుత్తూరు దగ్గర ఊరు. చెరువు ఎండిపోయి తూము దగ్గర మడుగొకటే మిగిలిందనీ, గుత్తదారు వలలు వేసి పట్టుకుపోగా మిగిలిన చేపలకు ఊళ్ళో గాలాల పందెం పెట్టారనీ మా మామ కబురు చేశాడు. ఇంటికి ఇద్దరు జట్టు, జట్టుకు ఒకటే గాలం. పదకొండు గంటల పుత్తూరు బస్సు కట్ట మీదికి వచ్చి హారన్ కొట్టేసరికి ఎవరి చేప బరువైతే వాళ్ళు గెలిచినట్టు. గెలిచిన ఇంటి ఆడవాళ్ళే చేపలన్నీ పులుసు వండి, కట్ట మీదికి తెచ్చి అందరికీ వడ్డించాలి. ఈ ఆఖరి మాట చెవిన పడగానే నా బుర్ర మెరిసింది. కట్టకు గడప లేదు కదా! మేం గెలిస్తే పులుసు కుండతో నా పెళ్ళాం వస్తుంది. ఓడితే చేతులు కడుక్కుని మళ్ళీ గూడూరు రైలెక్కడమే.

మామ, నేను జట్టు అనుకున్నాం. తీరా పోయేసరికి ఆయన పాదానికి పసుపు గుడ్డ చుట్టుకుని కుంటుతూ ఎదురొచ్చాడు.

"ఎద్దు తొక్కినాదబ్బా. ఈ కాలితో బురదలో దిగలేను. మీ అత్త వస్తాది."

"అత్తా?"

"మా ఇంట్లో గాలం దానిదే. నేను ఎప్పుడూ సంచి మోసేవాణ్ణే" అని చెప్పి, కట్ట చివర టీ అంగడి బెంచీ మీద పోయి కాలు చాపుకున్నాడు.

అలా ఊళ్ళోకెల్లా గొప్ప గాలగత్తె నాకు జోడీ అయింది. కానీ అల్లుడు ఉండగా అత్త కర్ర పట్టుకుంటే అల్లుడికి అవమానమట. కాబట్టి పని తెలిసిన మనిషి మేత ముద్దలు పిసుకుతూ కూర్చుంది, పని తెలియని నేను కర్ర పట్టుకున్నాను. (దేశం కూడా ఇలాగే నడుస్తుందని తర్వాత తెలిసింది.) మేకను ఇంట్లో వదిలితే పక్కింటి కనకాంబరాలు మేస్తుందని వెంట తెచ్చిందట. మాకు మధ్యవర్తి అదే.

పక్క జట్టు మిలట్రీ మామ, ఆయన తమ్ముడు పొట్టి మామ. మిలట్రీ మామ సరిహద్దులో శత్రువును చూశాడో లేదో తెలియదు గానీ గాలపు కర్రను మాత్రం తుపాకీలాగే పట్టుకుంటాడు.

"ఏమప్పా గూడూరూ, నిమ్మకాయలు పట్టేదానికి వచ్చినావా?" అన్నాడు.

"ముందు నువ్వు సేపను సూపించు మామా" అన్నాను.

గాలం వేశాను. దారానికి కట్టిన బెండు నీళ్ళ మీద టకటకా ఎగిరింది. గట్టిగా లాగాను. ఏమీ లేదు. మళ్ళీ ఎగిరింది, మళ్ళీ లాగాను. వెనక నుంచి మా అత్త గొంతు వినిపించింది.

"ఒసే నల్లదానా, అల్లుడికి సెప్పు. బెండు అట్ల ఎగర్లాడితే సిన్న సేపలు కెలకతా ఉండాయని. బొచ్చె సేప అట్ల తినదు. నిదానంగా సప్పరించి పక్కకి పోతాది. అప్పుడు లాగమను."

సరేనని కాసేపు బెండు చూశాను. కానీ ఊళ్ళోకి పోయే దారి కూడా అక్కణ్ణుంచే కనబడుతుంది. ఎర్ర చీర ఒకటి కదిలింది. మెడ సాచాను. ఎవరో ముసలమ్మ. ఈ లోపల వెనక "నల్లదానా, పోతా ఉండాదే, పోతా ఉండాదే" అని వినబడింది. మేక ఎటో పోతోందేమో, మనకెందుకులే అనుకున్నాను. పోయింది బెండు. తిరిగి చూసేసరికి మేతా లేదు, చేపా లేదు.

"నల్లదానా, అల్లుడికి కండ్లు యాడుండాయో అడుగు."

"నల్లదానా, కంట్లో దుమ్ము పడినాదని అత్తకి సెప్పు."

"ఆ దుమ్ము ఎర్ర సీర కట్టుకోని ఉండాదా అని అడగవే."

నేను గాలానికి మళ్ళీ మేత గుచ్చాను. మేక నెమరు వేసుకుంది.

అంతలో మిలట్రీ మామ మోచేయంత రాగండి చేపను బయటికి లాగి కట్టంతా వినబడేలా ఈల వేశాడు. మేమిద్దరం ఆ చేపనే చూస్తూ ఉండగా మా మేక గిన్నెలో మూతి పెట్టింది. రాగి సంగటి, చెనక్కాయల చెక్క కలిపి పిసికిన మేత అది, మనిషైనా తింటాడు. చూసుకునేసరికి అడుగున ఒక్క ముద్ద మిగిలింది. మా అత్త దాని వీపు మీద ఒక్కటి వేసింది. అది అరుస్తూ కట్ట ఎక్కి పారిపోయింది. ఆఖరి ముద్ద గాలానికి గుచ్చి మడుగులోకి విసిరాను. దూరంగా బస్సు దుమ్ము లేస్తోంది. నేను ఆ దుమ్మునే చూస్తూ, ఇంక రైలే గతి అనుకుంటున్నాను.

వెనక మా అత్త చప్పట్లు కొట్టింది. పట్టించుకోలేదు. దగ్గింది. పట్టించుకోలేదు. పాపం, మేక కోసం అటూ ఇటూ చూసి ఉంటుంది. తూము రాయికి చెబుదామనుకుందో ఏమో, "రాయీ..." అని ఆగిపోయింది. తర్వాత వచ్చిన కేక టీ అంగడి దాకా వినబడిందట.

"లాగరా, దద్దమ్మ నా కొడకా!"

లాగాను. కర్ర విల్లులా వంగింది. నీళ్ళలో అవతల వైపు తెల్లటి పొట్ట ఒకటి తిరగబడింది.

"కర్ర దించు! దారం వదులు! ఇప్పుడు సుట్టు! కర్రను అట్ల వాటేసుకోబాకరా, అది నీ పెండ్లాం కాదు!" అంటూ యూరియా సంచితో మా అత్త మడుగులోకి దూకింది. నేను జారి ఆమె పక్కనే బోర్లా పడ్డాను. చేప తోకతో నా చెంప మీద ఒక్కటిచ్చింది. ఆమె దాని తల మీద సంచి దించడం, బస్సు హారన్ కొట్టడం ఒకేసారి జరిగాయి. అంగడి తక్కెడ తెచ్చి కూర్చున్న తక్కెడ తాత అందరి చేపలూ తూచి, మా బొచ్చెనే పైకెత్తి చూపించాడు.

కానీ ఎవ్వరూ చప్పట్లు కొట్టలేదు.

"వదినా, అల్లుణ్ణి 'రా' అంటివే! నా కొడకా అని కూడా అంటివే!" అన్నాడు పొట్టి మామ.

మా అత్త బురద కారుతున్న కొంగు నెత్తికి లాక్కుంది. మిలట్రీ మామ అదను చూసుకుని, "గెలిస్తే గెలిసినారు. పులుసు మీ ఇంట్లోనే కానీండి. మీ పాప మాత్రం కట్ట మీదికి రాకూడదు. ఆషాడం" అన్నాడు. నా గుండె బొచ్చె కంటే బరువై జారింది.

మా అత్త కొంగు తీసేసింది.

"ఏమబ్బా, గడప తొక్కకూడదంటిరి, ఈయప్ప తొక్కలేదు. మాట్లాడకూడదంటిరి, అదీ అయిపోయె, బూతుతో సహా. ఇంక నేను కాపాడుకునేదానికి ఏం మిగిలినాది? పులుసు పాపే తెస్తాది, పాపే వడ్డిస్తాది. తినేవాళ్ళు కూసోండి. శాస్త్రముండేవాళ్ళు బస్సెక్కండి."

బస్సు వెళ్ళిపోయింది. ఒక్కడూ ఎక్కలేదు.

మధ్యాహ్నం నా పెళ్ళాం కుండ దించి, ఆకులో సంగటి ముద్ద పెట్టి, పులుసు పోస్తూ, ఎవరికీ వినబడకుండా నాతో అన్న మొదటి మాట: "దిగులుతో సన్నబడి ఉంటావనుకుంటి. బాగానే బలిసినావే." మా అత్త ఆ రోజు తెరిచిన నోరు నా విషయంలో మళ్ళీ మూయలేదు. పోయేదాకా 'ఒరే' అనే పిలిచింది, ఊళ్ళో ఎవరినీ తిట్టనంతగా నన్ను తిట్టింది, ఎవరికీ పెట్టనన్ని ముక్కలు నాకు పెట్టింది. ఇప్పుడు మా అల్లుడు ఆషాఢంలో మా ఇంట్లోనే సోఫా మీద పడుకుని, "అత్తా, కాఫీ" అని కేక వేస్తాడు. అసూయ తప్ప నాకేమీ అభ్యంతరం లేదు.

ఆ రోజు కట్ట మీద ఉన్నవాళ్ళు: మా అత్త, కాలు చాపుకున్న మా మామ, ఓడినా రెండుసార్లు వడ్డించుకున్న మిలట్రీ మామ, పొట్టి మామ, తక్కెడ తాత, పులుసు వాసనకు తిరిగొచ్చిన మేక, నా పెళ్ళాం. వాళ్ళతో పాటు బురద ఎండిన పంచెతో ఒక కుర్రవాడు. గొంతులో ముల్లు గుచ్చుకున్నా పైకి చెప్పకుండా, వడ్డించే చేతినే చూస్తూ మింగేశాడు. వాడు నేనేనంటే ఇప్పుడు నాకే నమ్మబుద్ధి కాదు గానీ, ఎక్కడైనా ఎదురుపడితే పక్కన కూర్చోబెట్టుకుని వీపు తట్టి, ఇంకొక ముద్ద పెట్టాలనిపిస్తుంది.