తెగని దారం

నా చిన్నప్పుడు షామీర్‌పేటలో మా పెద్దబాపుకు తెలియని విషయమంటూ ఉండేది కాదు, పాపం! పెరటి బావికి మోటారు పెట్టి పొద్దస్తమానం నీళ్లు తోడించాడు. నీళ్లు దిగిపోయేకొద్దీ బావి చుట్టూ మన్ను కుంగి, పక్కనున్న గది గోడ నిలువునా చీలింది. ఆ గదిలోనే మా అక్క, పచ్చి బాలింత. పసిబిడ్డ ఉయ్యాల సరిగ్గా ఆ గోడ పక్కనే.

అక్కను వేరే గదిలోకి మార్చమని ఆయన తల్లి, మా అవ్వ, పోరింది. మారిస్తే తప్పంతా తన మోటారుదేనని ఊరు ఊరంతా అంటుందని ఆయన భయం. అందుకని పగులుకు అటొక మేకు, ఇటొక మేకు కొట్టి, మధ్యలో మూరెడు దారం వదులుగా కట్టాడు. గోడ కదిలితే దారం తెగుతుందట! నాలుగు రోజులైనా తెగలేదు. ఇక ఆయన మీసం దువ్వుడు చూడాలి.

అవ్వకు ఒళ్లు మండింది. "నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది. గట్ల ఏలాడే దారానికి గోడ సంగతి ఏం ఎర్కరా?" అని కన్నకొడుకని కూడా చూడకుండా కడిగేసింది. చింతగింజల జిగురు కాచి, సన్నని నూలుపోగును పగులు మీదుగా, ఈ కొస నుంచి ఆ కొస దాకా గోడకు అంటించింది. మర్నాడు పొద్దున చూస్తే పోగు తెగి ఉంది. అవ్వ ఎవరినీ అడగలేదు. ఉయ్యాల తానే విప్పి, అక్కను ముందుగదిలోకి తీసుకుపోయింది. మూడోనాడు మధ్యాహ్నం గోడ కూలింది.

పెద్దయ్యాక నేను చేసిన ఉద్యోగమూ ఇదే. భూమి లోతుల్లోంచి గ్యాసు తోడేస్తే, అక్కడి రాతిపొర పైబరువుకు నలిగి కుంగుతుంది. వెంట్రుకంత గాజుతీగను గ్యాసుబావి గొట్టం బయటివైపు సిమెంటుతో రాతికి పట్టించి వెలుగు పంపితే, తీగ ఎక్కడ సాగిందో, ఎక్కడ నొక్కుకుందో తిరిగొచ్చే వెలుగు చెబుతుంది. ఒకచోట, నేను వద్దంటున్నా వినకుండా, తీగను గొట్టంలో ఊరికే వేలాడదీశారు. కంప్యూటరు తెర మీద తీగ సాగుడు చూపే గీత తిన్నగా వచ్చింది. "రాయి కదల్లేదు మేడమ్" అంటూ ఒక పెద్ద అధికారి చప్పట్లు కొట్టించాడు. టై కట్టుకున్న మా పెద్దబాపు! ఏడాది తిరక్కుండానే లోపల గొట్టం నలిగి ఆ బావి మూతపడింది.

ఇప్పుడు రిటైరై నాగారంలో ఖాళీగా కూర్చున్నా, ఎవరైనా తిన్నని గీత చూపించి అంతా బాగుందంటే, అది దేన్ని అంటుకుని ఉందని ముందు అడుగుతాను. చిన్నప్పుడు ఆ గోడ కూలిన రోజు మట్టికుప్పలోంచి నేను ఏరుకున్నది నా బీరువాలో ఇంకా ఉంది. తుప్పుపట్టిన రెండు మేకులు, మధ్యలో పెద్దబాపు దారం. ఈనాటికీ తెగలేదు.